మంచు వదిలి వెళ్లిన మట్టికి పేరు పెట్టడం ఎలా: మిన్నెసోటా సరస్సుల నేలలో ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ నగరానికి ఉత్తరాన ఒక గులకరాళ్ల క్వారీ ఉంది. దాని తూర్పు గోడ దాదాపు ఐదు మీటర్ల ఎత్తు. అడుగున ఇటుక రంగుకు దగ్గరగా ఉండే ఎర్రటి మట్టి, అందులో చిన్నా పెద్దా రాళ్లు. దాని మీద జానెడు మందం కూడా లేని సన్నని చారల పొర. ఆ పైన గోధుమ వన్నె తిరిగిన బూడిద రంగు మట్టి, అందులోనూ రాళ్లే. మొదటిసారి ఆ గోడ ముందు నిలబడినప్పుడు మేము ముగ్గురం పై పొరను మూడు పేర్లతో పిలిచాం. ఒకరు ‘టిల్’ అన్నారు, ఇంకొకరు ‘మొరైన్’ అన్నారు, నేను ‘విస్కాన్సిన్’ అన్నాను. అరగంట వాదించుకున్నాం.

ఎవరూ తప్పు చెప్పలేదు. కానీ ముగ్గురం మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాం. టిల్ అంటే మంచు నేరుగా పేర్చిన మట్టి, అది ఎలా పుట్టిందో చెప్పే మాట. మొరైన్ అంటే మంచు అంచున పేరుకున్న గుట్టల వరస, అది నేల రూపానికి పేరు. విస్కాన్సిన్ ఒక రాష్ట్రం పేరే అయినా ఇక్కడ చివరిసారి మంచు కమ్మిన కాలానికి పేరు. అసలు ఆ మట్టి ఏమిటి, ఏ రంగు, అందులో ఇసుక ఎంత, ఏ రాళ్లు ఉన్నాయి అన్న నాలుగో ప్రశ్న ఒకటుంది. అన్నిటికంటే ముందు అడగవలసిన ఆ ప్రశ్నను మేము తాకనే లేదు.

మంచుయుగపు మట్టిని వర్గీకరించడంలో నేను నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఇదే. పదార్థం, పుట్టుక, రూపం, కాలం అనే నాలుగింటికీ నాలుగు పేర్లు ఉండాలి, ఒకదానిలో ఇంకొకటి కలవకూడదు. ఈ క్రమం తెలిస్తే భూగర్భశాస్త్ర విద్యార్థి అయినా, బావి తవ్వించుకుంటున్న రైతు అయినా, వారాంతంలో సరస్సు ఒడ్డున రాళ్లు ఏరుకునే ఆసక్తిపరులైనా ఈ పని చేయగలరు.

పని మొదలుపెట్టే ముందు: ఈ నేల కథ

మిన్నెసోటాను పది వేల సరస్సుల రాష్ట్రం అంటారు. పది ఎకరాలకు తగ్గని సరస్సులను మాత్రమే లెక్కపెట్టినా 11,842 ఉన్నాయి. ఇవన్నీ ఒకేలా పుట్టినవి కావు. కెనడా సరిహద్దు దగ్గర మంచు గట్టి రాతిని గీకి తొలిచిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. మధ్య మిన్నెసోటాలో మంచుగడ్డలు మట్టిలో పూడుకుపోయి, తరువాత కరిగి, గుంతలను మిగిల్చాయి. మిల్ లాక్స్ వంటి పెద్ద సరస్సు మొరైన్ కట్ట వెనక నిలిచిన నీరు.

కెనడా మీద పరుచుకున్న లారెంటైడ్ హిమఫలకం దక్షిణపు అంచు ఇక్కడికి వచ్చేసరికి నాలుకలుగా చీలింది. ఈ నాలుకలను లోబ్‌లు అంటారు. ఒక్కో లోబ్ ఒక్కో దారిన వచ్చింది, ఆ దారిలో ఉన్న రాతిని నూరి తెచ్చింది. వాటి దారులు తెలిస్తే సగం పని అయినట్టే.

సుపీరియర్ లోబ్ ఈశాన్యం నుంచి, ఇప్పటి సుపీరియర్ సరస్సు ఉన్న పల్లం గుండా వచ్చింది. ఎర్ర ఇసుకరాయిని, బసాల్ట్, రయొలైట్, గాబ్రో అనే అగ్నిశిలలను తెచ్చింది. అందుకే దాని మట్టి ఎర్రగా, ఇసుక పాలు ఎక్కువగా ఉంటుంది. డెమోయిన్ లోబ్ వాయవ్యం నుంచి రెడ్ రివర్ లోయ వెంట దిగి అయోవా నడిమధ్య దాకా వెళ్లింది. కెనడాలోని మానిటోబా వైపు సున్నపురాయిని, రేకులుగా విడిపోయే మెత్తటి బంకరాయి అయిన క్రెటేషియస్ కాలపు బూడిద రంగు షేల్‌ను మోసుకొచ్చింది. రెయినీ లోబ్ కెనడియన్ షీల్డ్ అనే అతి పురాతనమైన గట్టి రాతి నేల మీదుగా వచ్చింది కనుక దాని మట్టిలో గ్రానైట్, గ్రీన్‌స్టోన్ వంటి రాళ్లు ఎక్కువ, సున్నం దాదాపు ఉండదు. వడీనా లోబ్ మట్టిలో సున్నపురాయి బాగా ఉంటుంది, షేల్ మాత్రం చాలా తక్కువ.

మొదటి అడుగు: గోడను కడిగినంత శుభ్రం చేయండి

ముందుగా స్థల యజమాని అనుమతి తీసుకోండి. తలకు హెల్మెట్ పెట్టుకోండి. పైన అంచు ముందుకు పొడుచుకువచ్చిన గోడ కింద నిలబడకండి. వాన వెలిసిన మరునాడు అసలు వెళ్లకండి. గులకరాళ్ల గోడ కూలే ముందు ఏ సంకేతమూ ఇవ్వదు.

క్వారీ గోడ మీద కంటికి కనిపించేది చాలావరకు పైనుంచి జారిన మట్టి. ఎర్ర పొర మీద బూడిద బురద కారి ఆరిపోతే మొత్తం గోడ బూడిద రంగులోనే కనిపిస్తుంది. అందుకని పై నుంచి కింది దాకా మీటరు వెడల్పున ఒక పట్టీని పారతో చెక్కి, ఆపైన తాపీతో నున్నగా గీకండి. ఈ గంట శ్రమను తప్పించుకున్నవారు తరువాత రోజుల తరబడి తప్పుడు పొరల వెంట తిరుగుతారు.

టేపును నేల మట్టం నుంచి కిందికి వేలాడదీయండి. ప్రతి పొర ఎంత లోతున మొదలై ఎంత లోతున ముగిసిందో రాయండి. ఈ దశలో పొరలకు అంకెలే పేర్లు: పొర 1, పొర 2, పొర 3. రెండు పొరలు కలిసే చోటును పొరల కంటే జాగ్రత్తగా చూడండి. కత్తితో కోసినట్టుందా, మెల్లగా ఒకదానిలో ఒకటి కలిసిపోయిందా, అలలు అలలుగా ఉందా, కింది పొర ముక్కలు చిరిగి పై పొరలో చిక్కుకున్నాయా? మంచు అప్పటికే ఉన్న నేల మీదికి ఎక్కి నడిచిందా, లేక కింది పొర, పై పొర ఒకే సందర్భంలో వరసగా పడ్డాయా అన్నది ఆ గీత దగ్గరే తేలుతుంది.

రెండో అడుగు: పుట్టుక ఊసెత్తకుండా వర్ణించండి

ఇది అందరికీ కష్టమనిపించే అడుగు. గోడను చూడగానే నోట ‘టిల్’ అన్న మాట వచ్చేస్తుంది. దాన్ని ఆపుకోవాలి. బంకమట్టి, ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు, బండలు అన్నీ ఒకే పొరలో కలగాపులగంగా ఉంటే దానికి ‘డయామిక్టన్’ అనే తటస్థమైన పేరు ఉంది. మంచు తెచ్చిందా, కొండచరియ తెచ్చిందా, బురద ప్రవాహం తెచ్చిందా అన్న విషయంలో ఆ మాట ఏ పక్షమూ వహించదు. పుస్తకంలో ముందు డయామిక్టన్ అని రాయండి. దానికి టిల్ అనే హోదాను సాక్ష్యాలు చూశాక ఇవ్వవచ్చు.

నేత. రెండు మిల్లీమీటర్ల కంటే పెద్దవి గులకరాళ్లు. రెండు మిల్లీమీటర్ల నుంచి 0.063 మిల్లీమీటర్ల దాకా ఇసుక. అంతకంటే సన్ననిది ఒండ్రు, ఇంకా సన్ననిది బంక. క్వారీలో జల్లెడ ఉండదు, వేళ్లు ఉంటాయి. రాళ్లు తీసేసి, చిటికెడు మట్టిని తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. ఇసుక గరగరలాడుతుంది. ఒండ్రు పిండిలా జారుతుంది. వేళ్లకు తెలియకపోయినా పంటి కింద కరకరమంటుంది. బంక జిగటగా అంటుకుని, రెండు వేళ్ల మధ్య నొక్కితే రిబ్బనులా సాగుతుంది. పాతిక ముప్పై నమూనాలను చేతితో అంచనా వేసి, వాటినే ప్రయోగశాల అంకెలతో పోల్చి చూసుకుంటే వేళ్లకు నమ్మదగిన తర్ఫీదు వస్తుంది.

రంగు. ‘ఎర్రగా ఉంది’ అని రాస్తే చాలదు. మట్టి రంగులకు గుర్తులిచ్చే మన్సెల్ రంగుల పుస్తకం తెరిచి, తడి మట్టిని అప్పుడే విరిచిన తాజా ముఖం మీద పోల్చాలి. సుపీరియర్ లోబ్ మట్టి తరచు 5వైఆర్ పుటలో, డెమోయిన్ లోబ్ మట్టి 2.5వై, 5వై పుటల్లో దొరుకుతుంది.

ఈ రంగే చాలామందిని మోసం చేస్తుంది. డెమోయిన్ లోబ్ మట్టి లోతున ముదురు బూడిద రంగులో ఉంటుంది. గాలి, నీరు తగిలే పై భాగంలో ఇనుము తుప్పు పట్టి అదే మట్టి గోధుమ రంగుకు మారుతుంది. కనుక కింద బూడిద, పైన గోధుమ కనిపించగానే రెండు పొరలని రాసేయకండి. నేతలో, రాళ్లలో తేడా లేకుండా రంగు మాత్రమే మారితే అది ఒకే పొర. పైభాగం ఆక్సీకరణ చెందింది, అంతే. ఎర్ర మట్టి సంగతి వేరు. దాని ఎరుపు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఎర్ర ఇసుకరాయి పొడి నుంచి వచ్చినది. అది ఎంత లోతున చూసినా ఎర్రగానే ఉంటుంది.

ఆమ్ల పరీక్ష. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. సున్నం ఉంటే బుసబుసమని పొంగుతుంది. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. వేల ఏళ్ల వానలకు నేల పైభాగంలోని సున్నం కరిగి కిందికి దిగిపోయి ఉంటుంది. మీటరు లోపల మట్టి పొంగలేదని ‘సున్నం లేదు’ అని తేల్చేస్తే డెమోయిన్ లోబ్ మట్టిని కూడా తప్పుగా గుర్తిస్తారు. పై నుంచి కిందికి ప్రతి 20 సెంటీమీటర్లకూ ఒక చుక్క వేస్తూ వెళ్లి, పొంగు ఎక్కడ మొదలైందో ఆ లోతును రాసుకోండి.

మూడో అడుగు: రాళ్లతో మాట్లాడించండి

నాకు ఈ పని మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం ఇది. ఒకే చోటు నుంచి, ఏరుకోకుండా, చేతికి వచ్చిన వంద గులకరాళ్లను వరసగా తీయండి. అందంగా ఉన్నవాటిని ముందు తీస్తే లెక్క చెడుతుంది. బకెట్టు నీళ్లలో కడగండి, ఒక్కొక్కటిగా పగలగొట్టి తాజా ముఖం చూడండి. బయటి తోలు అబద్ధం చెబుతుంది, లోపలి ముఖం చెప్పదు.

మా గోడ అడుగు పొరలో తీసిన మొదటి పిడికెడులోనే బసాల్ట్ ముక్కలు, ముదురు ఎరుపు రయొలైట్, గులాబి వన్నె ఇసుకరాయి వచ్చాయి. వాటి మధ్య ఉసిరికాయంత రాయి ఒకటి. పైకి చూస్తే గరుకైన గోధుమ రంగు ముద్ద. నీళ్లలో ముంచి సూర్యుడికి అడ్డంగా పట్టుకుంటే లోపల ఎరుపు, నారింజ, తెలుపు చారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి వెలిగాయి. అది లేక్ సుపీరియర్ అగేట్. సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటి లావాల బుడగల్లో పుట్టిన రాయి అది. 1969లో మిన్నెసోటా దాన్ని రాష్ట్ర రత్నంగా ప్రకటించింది. ఆ రాయి సుపీరియర్ సరస్సు తీరం నుంచి నా అరచేతిలోకి మంచు వీపు మీద వచ్చింది.

పై పొరలో వేరే రాళ్లు వచ్చాయి: లేత పసుపు సున్నపురాయి, గ్రానైట్, అక్కడక్కడా బూడిద రంగు షేల్. షేల్‌ను గుర్తుపట్టడం తేలిక. గోటితో గీస్తే గీత పడుతుంది, ఎండలో పెడితే గంటలో రేకులు రేకులుగా విడిపోతుంది.

అది అంత మెత్తన కనుకనే పెద్ద రాళ్లలో తక్కువగా మిగులుతుంది. దారిలోనే నలిగి ఇసుక రేణువులైపోతుంది. అందుకే మిన్నెసోటాలో పనిచేసేవారు గులకరాళ్ల లెక్కతో ఆగకుండా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముతక ఇసుక రేణువులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతారు. స్ఫటిక శిలలు ఎన్ని, సున్నపురాళ్లు ఎన్ని, షేల్ ఎంత అన్న మూడు పాళ్లు చూస్తే మట్టి ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. దీన్నే మూలస్థానం అంటారు: సుపీరియర్, రెయినీ, విన్నిపెగ్, రైడింగ్ మౌంటెన్. షేల్ ఉన్న డెమోయిన్ లోబ్ మట్టి రైడింగ్ మౌంటెన్ మూలానిది. సున్నపురాయి ఉండి షేల్ లేనిది విన్నిపెగ్ మూలానిది.

ఒక్క రాయిని బట్టి తీర్పు చెప్పకండి. మా పై పొరలో కూడా రెండు అగేట్‌లు దొరికాయి. తరువాత వచ్చిన మంచు కింది ఎర్ర మట్టిని గీకి తనలో కలుపుకొంది కనుక అవి అక్కడికి చేరాయి. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టుపక్కల ఇలా ఎరుపు, బూడిద కలిసిన మట్టి విస్తారంగా ఉంది, దానికి ట్విన్ సిటీస్ మెంబర్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. వంద రాళ్ల పాళ్లు చెప్పే మాటే నమ్మదగినది.

నాలుగో అడుగు: ఇప్పుడు పుట్టుక చెప్పండి

వర్ణన పూర్తయింది. ఇక డయామిక్టన్‌ను టిల్ అనవచ్చా లేదా చూద్దాం. మంచు అడుగున నేరుగా పేరుకున్న టిల్ గట్టిగా అదిమినట్టు ఉంటుంది, తాపీ దిగదు. రాళ్ల ముఖాలు చదునుగా అరిగి, వాటి మీద సమాంతరమైన గీతలు ఉంటాయి. పొడవాటి రాళ్లు ఎక్కువ భాగం ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. అలాంటి పాతిక నుంచి యాభై రాళ్ల పొడవు దిక్కును దిక్సూచితో కొలిచి గీస్తే మంచు కదిలిన దారి బయటపడుతుంది. దాన్ని మూడో అడుగులో తేలిన మూలస్థానంతో పోల్చండి. రెండూ ఒకే కథ చెబితే ధైర్యంగా టిల్ అని రాయండి.

పొర వదులుగా ఉండి, మధ్యలో నీరు కడిగిన ఇసుక చారలు ఉండి, రాళ్లు అన్ని దిక్కులకూ చెదిరి ఉంటే అది కరుగుతున్న మంచు మీద నుంచి బురదగా జారిన పదార్థం కావచ్చు. కాగితాల దొంతరలా సన్నని చారలున్న ఒండ్రు, బంకమట్టి నిశ్చలమైన సరస్సు అడుగున పేరుకున్నవి. ఆ చారల మధ్య ఒంటరిగా ఒక రాయి ఉండి, దాని కింది చారలు వంగి ఉంటే అది తేలుతున్న మంచుగడ్డ నుంచి జారి పడిన రాయి. ఏటవాలు పొరలతో, పరిమాణం వారీగా విడిపోయిన ఇసుక, గులకరాళ్లు మంచు కరిగిన నీటి ప్రవాహం పరిచినవి. వాటిని ఔట్‌వాష్ అంటారు.

ఈ పరీక్షలు మంచుయుగం నాటి మెత్తటి మట్టికే కాదు, రాయిగా మారిన పాత పొరలకూ పనికివస్తాయి. మన గోదావరి లోయ బొగ్గు పొరలకు బాగా అడుగున తాల్చేర్ పొరలు ఉన్నాయి, వాటిలో బండలు పొదిగిన శిల ఉంది. దాదాపు 30 కోట్ల సంవత్సరాల కిందటి మంచు మిగిల్చినది అది. 1856లో ఒడిశాలోని తాల్చేర్ దగ్గర ఆ బండల పొరను చూసి భూగర్భశాస్త్రవేత్తలు బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియొబాల్డ్ మంచు పాత్రను ఊహించినప్పుడు ఉష్ణమండలంలో మంచేమిటని సందేహించినవారు ఉన్నారు. తరువాత చంద్రపూర్ సమీపంలోని ఇరై దగ్గర మంచు గీతలు పడిన సున్నపురాతి నేల బయటపడింది. పెన్‌గంగ అవతల ఆ రాతి మీది గీతలకు, మిన్నెసోటాలో నేను తడిమిన గీతలకు కారణం ఒక్కటే.

ఐదో అడుగు: నేల రూపానికి వేరే పేరు

ఇప్పుడు గోడకు వీపు తిప్పి చుట్టూ చూడండి. మంచు అంచున పేరుకున్న గుట్టల వరస మొరైన్. మంచు కదలిక దిక్కుకు సాగిన గరిటె బోర్లించినట్టుండే దిబ్బ డ్రమ్లిన్. మంచు కింది సొరంగంలో పారిన ఏరు వదిలిన మెలికల గట్టు ఎస్కర్. పూడిన మంచుగడ్డ కరిగి ఏర్పడిన గుంత కెటిల్. వీటిని పటం మీద రూపాలుగానే గుర్తించండి, మట్టి పేర్లుగా వాడకండి.

ఎందుకంటే ఒకే మట్టి మొరైన్‌లోనూ, మైదానంలోనూ, సరస్సు అడుగునా ఉండవచ్చు. ఒకే మొరైన్‌లో నాలుగు రకాల మట్టి ఉండవచ్చు. సెయింట్ క్రాయ్ మొరైన్ మంచి ఉదాహరణ: సుపీరియర్ లోబ్ కట్టిన ఎర్ర గుట్టల మీదికి తరువాత డెమోయిన్ లోబ్ నుంచి చీలిన గ్రాంట్స్‌బర్గ్ ఉపలోబ్ ఎక్కి బూడిద మట్టిని పరిచింది. పైన కనిపించే గుట్ట రూపం చాలావరకు ఎర్ర మంచుది, కాలికి అంటే మట్టి మాత్రం బూడిద మంచుది. ఇలినాయిలో 1960ల నాటికి మొరైన్ రూపం ఆధారంగా మట్టి విభాగాలను ఏర్పరచే పద్ధతి ఉండేది. 1996లో అక్కడి భూగర్భశాస్త్రవేత్తలు ఆర్డిత్ హాన్సెల్, హిల్టన్ జాన్సన్ మిషిగన్ లోబ్ మట్టినంతా పదార్థం ఆధారంగా తిరిగి వర్గీకరించారు. వారు చేసింది సరైన పని అని నా నమ్మకం.

ఆరో అడుగు: ఒక్క గోడ నుంచి జిల్లా అంతటికీ

ఒక్క చోట చూసిన పొర ఎంత దూరం సాగుతుందో తెలియనిదే దానికి పేరు అక్కరలేదు. ఇరుగుపొరుగు క్వారీలు, రోడ్డు కోతలు, నది గట్లు చూడండి. సరస్సుల ప్రాంతంలో కోతలు తక్కువ కనుక నూతుల సమాచారమే పెద్ద దిక్కు. మిన్నెసోటాలో నీటి బావుల వివరాలు మిన్నెసోటా వెల్ ఇండెక్స్ (మునుపు కౌంటీ వెల్ ఇండెక్స్) అనే సమాచార నిధిలో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

బావులు తవ్వేవారి మాటలను చదవడం ఒక విద్య. వారు ‘నీలి బంక’ అంటే చాలాసార్లు ఆక్సీకరణ చెందని బూడిద టిల్ అని అర్థం; ‘పసుపు బంక’ అంటే అదే టిల్ పైభాగం; ‘హార్డ్‌పాన్’ అంటే గట్టిగా అదిమిన టిల్. వారి మాటలను తేలిగ్గా తీసేయకండి. ఎర్ర బంక కింద నీలి బంక అని ఒక బావిలో రాసి ఉంటే, అక్కడ సుపీరియర్ మట్టి కింద ఇంకా పాత మంచు మట్టి ఉందేమో వెతకవలసిందే. అనుమానం తీరాలంటే చెదరని నమూనాలను పైకి తీసే యంత్రంతో ఒక్క రంధ్రమైనా వేయించాలి.

ఏడో అడుగు: ఉన్న పేరును వెతకండి

నూటికి తొంభై తొమ్మిది సందర్భాల్లో మీ పొరకు ఇప్పటికే పేరు ఉంటుంది. పాత పుస్తకాలలో ‘రెడ్ డ్రిఫ్ట్’, ‘గ్రే డ్రిఫ్ట్’ అన్న మాటలు కనిపిస్తాయి; డ్రిఫ్ట్ అంటే మంచు తెచ్చి వదిలిన మట్టి. 1932లో భూగర్భశాస్త్రవేత్త ఫ్రాంక్ లెవరెట్ ప్రచురించిన పెద్ద నివేదిక నాటి వాడుక అది. ఆ రోజుల్లో రంగు, లోబ్, కాలం మూడూ ఒకే మాటలో కలిసిపోయేవి. 2016లో మిన్నెసోటా భూగర్భ సర్వే ఈ మట్టి విభాగాలన్నిటినీ ఒక చోటకు చేర్చి ప్రచురించింది. ఇప్పుడు వెతకవలసినది అక్కడే.

సుపీరియర్ లోబ్ ఎర్ర ఇసుక టిల్, దాని వెంట ఉండే ఇసుక, గులకరాళ్లు క్రోమ్‌వెల్ ఫార్మేషన్. డెమోయిన్ లోబ్ షేల్ మట్టి న్యూ ఉల్మ్ ఫార్మేషన్. వడీనా లోబ్‌ది హెవిట్ ఫార్మేషన్, రెయినీ లోబ్‌ది ఇండిపెండెన్స్ ఫార్మేషన్. ఇవన్నీ ఊళ్ల పేర్ల మీద వచ్చినవే. ఫార్మేషన్ అనేది మూల కొలత. దాన్ని విభజిస్తే మెంబర్, మెంబర్‌ను విభజిస్తే బెడ్, కొన్ని ఫార్మేషన్‌లను కలిపితే గ్రూప్.

రాష్ట్రం దాటితే పేరు మారుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఒకే డెమోయిన్ లోబ్ మట్టిని మిన్నెసోటాలో న్యూ ఉల్మ్ అంటారు, అయోవాలో డౌస్ అంటారు, గ్రాంట్స్‌బర్గ్ ఉపలోబ్ విస్కాన్సిన్‌లోకి తీసుకెళ్లిన భాగాన్ని ట్రేడ్ రివర్ అంటారు. సుపీరియర్ లోబ్ ఎర్ర మట్టి అక్కడ కాపర్ ఫాల్స్ ఫార్మేషన్. మంచుకు సరిహద్దులు తెలియవు కానీ ఒక్కో రాష్ట్ర సర్వే తన పటాన్ని విడిగా గీసింది. సరిహద్దు ప్రాంతంలో రాసేటప్పుడు రెండు పేర్లూ పక్కపక్కన ఇవ్వడం పాఠకుడికి చేసే మేలు.

ఎనిమిదో అడుగు: కొత్త పేరు తప్పనిసరైతే

పొరలకు పేర్లు పెట్టే పద్ధతిని చెప్పే ఉత్తర అమెరికా స్తరశాస్త్ర నియమావళి 1983లో వచ్చింది, 2005లో సవరణ పొందింది. కొత్త పేరు పెట్టేవారు దాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి. పేరు రెండు భాగాలుగా ఉండాలి: ఒక స్థలం పేరు, ఒక హోదా లేదా శిల పేరు. ఆ స్థలం పొర కనిపించే చోటుకు దగ్గరగా, పటంలో ఉన్నదై ఉండాలి. మనిషి పేరు పెట్టకూడదు. వేరే పొరకు ఇప్పటికే వాడిన పేరు పనికిరాదు. అమెరికా భూగర్భ సర్వే నిర్వహించే జియోలెక్స్ జాబితాలో ముందుగా చూసుకోండి.

ఆ తరువాత ఒక ఆదర్శ ఖండం చూపాలి. అంటే ఎవరైనా వచ్చి చేతితో తాకి చూడగల ఒక గోడ, లేదా భద్రపరచిన ఒక నమూనా. దాని స్థానం, మందం, రంగు, నేత, రాళ్ల పాళ్లు, పై హద్దు, కింది హద్దు, అది ఎంత మేర విస్తరించింది, పక్క పొరల కంటే ఎలా భిన్నం అన్నవి రాయాలి. అవన్నీ గుర్తింపు పొందిన శాస్త్రీయ ప్రచురణలో రావాలి. పరిశోధన వ్యాసం సారాంశంలోనో, విద్యార్థి సిద్ధాంత గ్రంథంలోనో రాసినంత మాత్రాన పేరు అధికారికం కాదు.

క్వారీ గోడలకు ఆయుష్షు తక్కువ. ఈ ఏడాది ఆదర్శ ఖండంగా ఎంచుకున్నది వచ్చే ఏడాదికి ఎవరి ఇంటి పునాదిలోనో కంకరగా మారవచ్చు. అందుకే నది గట్టు వంటి, ఏటి కోతతో ఎప్పటికప్పుడు తాజాగా తెరుచుకునే చోటును ఎంచుకోవడం మంచిది. అది కుదరకపోతే రంధ్రం వేసి తీసిన నమూనాను సర్వే భండారంలో దాచాలి.

పటం మీద గీయగలిగినంత విస్తారం లేని పొరకు ఫార్మేషన్ హోదా ఇవ్వకండి. రెండు బావుల్లో, ఒక గోడలో కనిపించినదానికి కొత్త పేరు పెట్టాలన్న తొందర ఈ శాస్త్రానికి చాలా నష్టం చేసింది. మరుగునపడిన పేర్ల జాబితా వాడుకలో ఉన్న పేర్ల జాబితా కంటే చిన్నదేమీ కాదు.

తొమ్మిదో అడుగు: కాలం పేరును చివర్లో కలపండి

విస్కాన్సిన్ అన్న పేరును భూగర్భశాస్త్రవేత్త టి.సి. చాంబర్లిన్ 1890లలో వాడుకలోకి తెచ్చాడు. ఒకప్పుడు మంచుయుగాన్ని నెబ్రాస్కన్, కాన్సన్, ఇలినోయన్, విస్కాన్సినన్ అని నాలుగుగా చెప్పేవారు. కింద పాతది, పైన కొత్తది అనే లెక్కతో ఒక్కో టిల్‌కు ఒక్కో యుగాన్ని అంటగట్టారు. 1970ల చివర్లో అగ్నిపర్వత బూడిద పొరల వయసులను కొలిచేసరికి ఒకే బూడిద అనుకున్నవి నిజానికి వేర్వేరు కాలాలవని, నెబ్రాస్కన్, కాన్సన్ అన్న పేర్ల కింద ఎన్నో టిల్‌లు కలగలిసిపోయాయని తేలింది. ఆ రెండు పేర్లనూ వదిలేసి ఇప్పుడు ‘ఇలినోయన్‌కు పూర్వం’ అంటున్నారు. మట్టి పేరును కాలం పేరుతో ముడిపెడితే, కాలం లెక్క మారిన రోజున మట్టి పేరు కూడా కూలిపోతుంది.

పైగా మంచు అన్ని చోట్ల నుంచీ ఒకే రోజు వెళ్లిపోలేదు. అయోవాలో కరిగిపోయాక కూడా ఉత్తరాన వేల ఏళ్లు నిలిచి ఉంది. అందుకే విస్కాన్సిన్ ‘ఎపిసోడ్’ అంటారు. దాని హద్దులు చోటును బట్టి మారతాయి. పొరలో కలప దొరికితే రేడియోకార్బన్ పరీక్షకు పంపండి, 50 వేల ఏళ్ల లోపుదైతే వయసు తెలుస్తుంది. ఫలితం రాసేటప్పుడు అది రేడియోకార్బన్ సంవత్సరమా, సరిదిద్దిన క్యాలెండర్ సంవత్సరమా అన్నది తప్పక చెప్పండి. మిషిగన్ సరస్సు ఒడ్డున టూ క్రీక్స్ దగ్గర ఎర్ర టిల్ కింద పూడిపోయిన స్ప్రూస్ అడవి వయసు రేడియోకార్బన్ లెక్కలో 11,850 దగ్గర, క్యాలెండర్ లెక్కలో 13,700 దగ్గర ఉంటుంది. ఆ తేడా రాయని వ్యాసాలు రెండు తరాల పాఠకులను తికమక పెట్టాయి.

పుస్తకంలో తుది నమోదు

క్వారీ తూర్పు గోడకు నా పుస్తకంలో ఇప్పుడు ఇలా ఉంది. పొర 1: అడుగున, ఎర్ర గోధుమ ఇసుక డయామిక్టన్, బసాల్ట్, రయొలైట్, అగేట్, గీతలున్న రాళ్లు, ఈశాన్యం నుంచి నైరుతికి వాలు, టిల్, క్రోమ్‌వెల్ ఫార్మేషన్. పొర 3: పైన, గోధుమ వన్నె బూడిద డయామిక్టన్, 90 సెంటీమీటర్ల కింద నుంచి ఆమ్లానికి పొంగు; సున్నపురాయి, షేల్, కొద్దిగా కింది పొర రాళ్లు; టిల్; న్యూ ఉల్మ్ ఫార్మేషన్, ట్విన్ సిటీస్ మెంబర్. నేల రూపం: మొరైన్ గుట్ట. కాలం: విస్కాన్సిన్ ఎపిసోడ్ చివరి భాగం, వయసు కొలవలేదు.

ఆ రెంటి మధ్య 14 సెంటీమీటర్ల చారల ఒండ్రు ఉంది. చారలు లెక్కపెడితే 31 జతలు. బూడిద మంచు ముందుకు వస్తూ నీటిదారిని అడ్డుకున్నప్పుడు ఇక్కడ గ్రాంట్స్‌బర్గ్ అనే మంచు సరస్సు నిలిచిందని తెలుసు. ఇది ఆ సరస్సుదే కావచ్చు, గుట్టల మధ్య నిలిచిన చిన్న కుంటది కూడా కావచ్చు. పక్క క్వారీలో ఇది లేదు, దగ్గర్లోని ఏ బావి నమోదులోనూ కనిపించలేదు. దానికి నేను పేరు పెట్టలేదు. పుస్తకంలో అది ఇప్పటికీ పొర 2.